చెయ్యి పడిన నాణెం

కార్ఖానాలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అద్దం అంటారు. ఇరవై తొమ్మిదేళ్ళుగా బఫింగ్ మిషన్ ముందు నిలబడి వెండి కప్పులకీ, కొవ్వొత్తి స్తంభాలకీ, బాకాలకీ, తలుపు పిడులకీ మెరుగు పెడుతున్నాడు. అతను ముగించిన పళ్ళెంలో ముఖం చూసుకుంటూ మేనేజరు ఒకసారి మీసం కత్తిరించుకున్నాడు. పేరు అప్పుడు పడింది. అతనికి ఆ పేరంటే ఇష్టమే. ఈమధ్య మాత్రం ఎవరైనా అలా పిలిస్తే ఒక్క క్షణం ఆగి గానీ వెనక్కి తిరగడం లేదు.

ఆ కార్ఖానాలో వెండి వస్తువు చేతికి ఇచ్చే ముందు తూస్తారు, తిరిగి తీసుకునేటప్పుడు మళ్ళీ తూస్తారు. మధ్యలో తగ్గినదాన్ని తరుగు అంటారు. చక్రం కింద పడ్డ పొడి, ముక్కుకి కట్టుకున్న గుడ్డ, ఆఖరికి నేల ఊడ్చిన చెత్త కూడా ఒక డబ్బాలోకి పోతాయి. అందరికన్నా తక్కువ తరుగు అద్దానిది. "వీడి చేతిలో మురికి పోతుంది గానీ వెండి పోదు" అని మేస్త్రీ కొత్తవాళ్ళకి చూపించి చెప్పేవాడు. ఆ మాట అద్దం ఇంట్లో చెప్పాడు, అక్కకి చెప్పాడు. అక్క ఊరంతా చెప్పింది.

అక్క అతనికన్నా ఆరేళ్ళు పెద్ద. స్కూలు యూనిఫారాలు కుట్టే చోట చేత్తో కాజాలు తీస్తుంది. తెల్ల చొక్కాకి తెల్ల దారం, నల్ల కోటుకి నల్ల దారం. నల్ల కోట్ల వారం వచ్చిందంటే సాయంత్రానికి ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారతాయి. భర్త పోయి పదేళ్ళయింది, పిల్లల్లేరు. సొంతంగా ఒక కాజా మిషన్ కొనుక్కుని, తన గదిలోనే కూర్చుని, కళ్ళు పాడుచేసుకోకుండా పని చేసుకోవాలన్నది ఆమె కోరిక. కూడబెట్టిన డబ్బు ఆ మిషన్ ధరలో సగం దగ్గర ఆగిపోయింది.

ఆమె పక్కన కాలర్లు కుట్టే ఆవిడ మొగుడు ఏదో పాత నాణెం అమ్మి ఫ్రిజ్ కొన్నాడు. ఆ ఫ్రిజ్ గురించి ఆవిడ మూడు నెలలు చెప్పింది. నాలుగో నెల అక్క తమ్ముడి ఇంటికి వచ్చింది.

"బ్యాంకులో వేస్తే ఏడాదికి దారపు ఉండలకి సరిపడా వస్తోందిరా. అదేదో ఒక మంచి నాణెం కొని నాలుగేళ్ళు దాచుకుంటే?"

"నాణెమా?" అన్నాడు అద్దం.

అతని భార్య వంటింట్లోంచే అందుకుంది. "వదినా, ఈయనకి వంకాయలు ఏరడమే రాదు. నాణేలు ఏరతారా?"

"వంకాయలు వేరు. వీడికి వెండి తెలుసు. ఏరా, తెలుసా తెలియదా?"

"తెలుసు" అన్నాడు.

వెండి తెలుసు. నాణేలు తెలియవు. ఆ రెండూ ఒకటి కాదని చెప్పడానికి సరైన సమయం అదే. కానీ వంకాయల మాట వచ్చాక తెలియదనడానికి నోరు రాలేదు.

నాణేల షాపు గడియారాలు బాగుచేసే చోటికి పై అంతస్తులో ఉంది. ఒకే గది, ఒక కిటికీ, ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల, దాని వెనక కోటు వేసుకున్న ముసలాయన. ఆయన కుర్చీలు చూపించి, వచ్చిన పని విని, ముందు అక్కనే అడిగాడు.

"ఎంతకాలం ఉంచుతారమ్మా?"

"నాలుగేళ్ళండీ."

"మధ్యలో అవసరం పడదు కదా? పడేటట్టయితే వద్దు. ఇది గోడగడియారం కాదు, నెలనెలా గంట కొట్టదు."

అద్దానికి అప్పటికే ఒకటి నచ్చేసింది. మఖమలు పెట్టెలో వరసగా పది నాణేలు, తాకితే మరక పడుతుందేమో అన్నంత తళతళ. "అక్కా, ఇవి చూడు."

"అవి నిన్నగాక మొన్న పుట్టాయి నాయనా" అన్నాడు ముసలాయన. "కొన్నవాళ్ళందరూ అదే పెట్టెలో, అలాగే దాచుకున్నారు. అందరి దగ్గరా ఉన్నదాన్ని నువ్వు ఎవరికి అమ్ముతావు?"

ఆ తర్వాత ఇంకొకటి తీశాడు. పెద్దది, బరువైనది, ధర తక్కువ. అక్క చేయి దానివైపు వెళ్ళింది. అద్దం దాన్ని వెలుతురులో వంచి చూసి, పై అంచు దగ్గర గోరు పెట్టాడు. "ఇక్కడ ఎప్పుడో టంకం పెట్టారు. కొక్కెం తీసేసి ఆకురాయితో రుద్దారు. ఎవరో మెడలో వేసుకున్నారు దీన్ని."

ముసలాయన కళ్ళజోడు పైనుంచి అతన్ని చూశాడు. "అందుకే ధర తక్కువ. నువ్వు అడిగితే చెప్పేవాణ్ణి. అడక్కుండానే కనిపెట్టావు."

అక్క ముఖం వెలిగిపోయింది. "పాతికేళ్ళకి పైగా వెండి పనేనండీ మావాడిది."

మూడోది చిన్నది. ఒకవైపు కిరీటం లేని రాజు తల, ఇంకోవైపు తెరచాపలు విప్పిన ఓడ. అంతా ముదురు రంగు. అంచుల దగ్గర నీలం, మధ్యలో గోధుమరంగు. భూతద్దం పెట్టి చూస్తే ఓడ తాళ్ళు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి. ఆ ఓడ బొమ్మ వేసింది రెండేళ్ళేనట. ఎక్కువ చేతులు మారనిది, ఎవరి మెడలోనూ వేలాడనిది, ఇది దొరికే చోట్లు తగ్గుతున్నాయి గానీ పెరగడం లేదు అన్నాడు ముసలాయన. అక్క భూతద్దంలోంచి చాలాసేపు చూసింది. "ఎవరు చెక్కారో గానీ కాజా తీసినంత నీటుగా ఉంది పని" అని, అదే కావాలంది.

ముసలాయన నాణేన్ని తూచి, చిన్న కాగితం కవరు మీద సిరాతో రాశాడు: పదకొండు గ్రాముల ఆరు వందల అరవై మిల్లీలు. తేదీ వేశాడు. కవరు చేతికిస్తూ అక్కని కాదు, అద్దాన్ని చూశాడు.

"పట్టుకుంటే అంచు పట్టుకో. తుడవద్దు. బట్ట వద్దు, సబ్బు వద్దు, నిమ్మకాయ వద్దు. ఈ రంగు రావడానికి వందేళ్ళు పట్టింది. ఈ రంగే దాని వయసు."

అద్దం తల ఊపాడు. మెట్లు దిగుతూ మాత్రం లోపల వేరే లెక్క వేసుకున్నాడు. మురికిగా ఉంచమని చెప్పేవాడు రేపు మురికి ధరకే తిరిగి కొంటాడు. వ్యాపారం చేసేవాళ్ళ తెలివి తనకి తెలియనిదా?

కవరు తమ్ముడి బీరువాలో ఉంచారు. అక్క ఉండే గదికి తాళం ఉన్నా లేనట్టే. నెలకోసారి, మొదటి ఆదివారం ఆమె వచ్చి, భోజనం చేసి, నాణెం తీయించుకుని చూసి వెళ్ళేది. అలా అయిదు నెలలు గడిచాయి. ఆరో నెల పక్కింటి టీచరమ్మ కూడా కూర్చుని ఉంది.

"ఇదేనా? కూడబెట్టిందంతా పెట్టి కొన్నది ఇదేనా?" అంది టీచరమ్మ. "బొగ్గుముక్కలా ఉందే! ఇంట్లో మెరుగు పెట్టే మనిషిని పెట్టుకుని ఇలా ఉంచారా? మంగలి ఇంట్లో గడ్డాలు పెరిగినట్టుంది."

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది, కానీ నాణేన్ని త్వరగా కవర్లో పెట్టేసింది. అలా పెట్టేయడం అద్దం చూశాడు.

మర్నాడు భోజనాల విరామంలో, అందరూ బయట చెట్టు కింద ఉండగా, జేబులోంచి కవరు తీశాడు. మెత్తటి గుడ్డ చక్రం, ఎర్రటి మెరుగు ముద్ద, మూడు నిమిషాల పని. రాజు నుదురు తళుక్కుమంది. తిప్పి ఓడ వైపు పెట్టాడు. అతని చేతులు ఎంత బరువు ఆనాలో అంతే ఆనాయి. ఆ విషయంలో అతనికి ఇప్పటికీ అనుమానం లేదు. పూర్తయ్యాక అలవాటు కొద్దీ తూకంలో పెట్టాడు. పదకొండున్నర గ్రాములు. నూట అరవై మిల్లీల తరుగు. అంత చిన్న వస్తువుకి అది ఎక్కువే అనిపించింది. ఓడ తాళ్ళు ఎక్కడికి పోయాయో అప్పుడు అర్థం కాలేదు. మురికి గీతలేమో అనుకున్నాడు.

ఆ పై నెల మొదటి ఆదివారం అక్క కవరు విప్పి, "అమ్మాయ్, ఇటు రా! నీ మొగుడు చూడు ఏం చేశాడో!" అని అతని భార్యని కేకేసింది. భార్య వచ్చి చూసింది. "తుడవద్దన్నారు కదండీ ఆ షాపాయన?" అంది.

"వాళ్ళు అలాగే అంటారు" అన్నాడు అద్దం.

అక్క జేబురుమాలు తీసి నాణేన్ని ఇంకోసారి తుడిచింది. టీచరమ్మని పిలిచి చూపించింది. అంత సంతోషం ఆ ముఖంలో చాలా ఏళ్ళుగా లేదు.

ఇప్పుడు ధర ఎంత పెరిగిందో కనుక్కుందామని, నెల తర్వాత అద్దం ఒక్కడే ఆ మెట్లు ఎక్కాడు. లోపల ఇంకొకాయన ఉన్నాడు, మంచి బట్టలు వేసుకున్నవాడు. బల్ల మీద తళతళలాడే నాణెం. ముసలాయన దాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోకుండా చెబుతున్నాడు.

"దీన్ని చంపేశారండీ. పైపొర పోయింది. అక్షరాల అంచులు గుండ్రబడ్డాయి. ఇక ఇది నాణెం కాదు, వెండి ముక్క. కరిగిస్తే ఎంతొస్తుందో అంత."

"కడిగితే నల్లగా ఉన్నది తెల్లగా వచ్చిందండీ, అంతేగా!"

"నల్లగా ఉందని కాలిన కాగితాన్ని కడుగుతామా?"

అద్దం గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు. చొక్కా జేబులో కవరు ఉంది. గడియారాల షాపు ముందు నిలబడి, లోపల వేలాడుతున్న గడియారాల్లో ఏదో కొనబోయేవాడిలా చాలాసేపు చూశాడు. ఏ గడియారమూ అతని కంట పడలేదు.

ఆ రోజే అక్కకి చెప్పేస్తే ఇదంతా రాయవలసిన పని ఉండేది కాదు. చెప్పలేదు. రెండేళ్ళు చెప్పలేదు. ప్రతి మొదటి ఆదివారం అక్క వచ్చేది, నాణెం తీయించుకునేది, జేబురుమాలుతో తుడిచేది. తేలు కుట్టిన దొంగలా అతను ఎదురుగా కూర్చునేవాడు. "చాల్లే అక్కా, అరిగిపోతుంది" అన్నాడు ఒకసారి. "నువ్వు చేస్తే అరగలేదు, నేను చేస్తే అరుగుతుందా?" అని నవ్వింది.

కార్ఖానాలో అతని పని మారలేదు గానీ తీరు మారింది. పాతవస్తువు ఏదైనా వస్తే ముందు మేస్త్రీ దగ్గరికి వెళ్ళి, "దీనికి నిజంగా మెరుగు కావాలా? కొన్నవాళ్ళని అడిగారా?" అనేవాడు. మేస్త్రీ విసుక్కున్నాడు. "నీకేమైందిరా? చాకలివాడు వచ్చి ఈ బట్టలు ఉతకాలా అని అడిగినట్టుంది."

నాణెం కొన్న మూడో ఏడు చివర్లో యూనిఫారాల యజమాని పాత కాజా మిషన్ ఒకటి అమ్మేస్తున్నాడని తెలిసింది. పనివాళ్ళకైతే తగ్గించి ఇస్తానన్నాడు, శుక్రవారం లోపల. అక్క పరుగున వచ్చింది. "నాలుగేళ్ళు ఆగక్కర్లేదురా. ఇప్పుడు అమ్మేద్దాం. ఎల్లుండి గురువారం, నువ్వు సెలవు పెట్టు."

ఆ రెండు రోజుల్లో అద్దం రెండో తప్పు చేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకం తప్పు. ఉడికించిన కోడిగుడ్డుతో కలిపి మూత పెడితే వెండి నల్లబడుతుందని ప్రతి మెరుగు పనివాడికీ తెలుసు. రెండు గుడ్లు ఉడికించి, చిదిపి, నాణెంతో సహా పాత టిఫిన్ డబ్బాలో పెట్టి మూత బిగించాడు. భార్య చూసింది. డబ్బా మూత తీసి వాసన చూసి, మళ్ళీ బిగించింది.

"వదినకి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెబుతా."

"ఎప్పుడు?"

అతను డబ్బాని బీరువా వెనక్కి తోశాడు. గురువారం పొద్దున తీస్తే నాణెం ఒకవైపు నల్లగా, ఒకవైపు పసుపుపచ్చగా, దీపం మసి పట్టిన గాజులా ఉంది.

"ఇదేంట్రా, మళ్ళీ నల్లబడింది?" అంది అక్క బస్సులో.

"వెండి కదా అక్కా."

"పోనీలే, ఆయనకి నల్లగా ఉంటేనే ఇష్టం" అంది అక్క. అతని తల ఇంకాస్త వంగింది.

ముసలాయన కవరు విప్పాడు. ఆకుపచ్చ గుడ్డ మీద నాణెం పెట్టి, భూతద్దం తీయకుండానే ఒకసారి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తూకంలో వేశాడు. కవరు మీది అంకె చదివాడు, తూకం మీది అంకె చదివాడు. కిటికీ దగ్గర ఇంకో ఇద్దరు నాణేలు చూసుకుంటున్నారు.

"కవరు మీద ఉన్నది నా రాత అమ్మా. లోపల ఉన్నది నేనమ్మిన నాణెం కాదు."

అక్కకి ముందు అర్థం కాలేదు. అర్థమైందనుకున్నాక కుర్చీలోంచి లేచింది.

"అంటే? మార్చేశామంటారా? మా తమ్ముడు మార్చాడంటారా?"

"నేను ఆ మాట అనలేదు. తూకం చెబుతోంది, నూట అరవై మిల్లీలు తక్కువ..."

"మా వాడి గురించి నీకేం తెలుసయ్యా? ఇరవై తొమ్మిదేళ్ళు వాడి చేతిలో వెండి నలిగింది. ఒక్కనాడు తేడా రాలేదు. ఊళ్ళో ఎవర్నయినా అడుగు! అమ్మేటప్పుడు ఒక తూకం రాసి, కొనేటప్పుడు ఇంకో తూకం చూపిస్తావా? దొంగ తూకాలు పెట్టుకుని మమ్మల్ని దొంగలంటావా?"

కిటికీ దగ్గరున్న ఇద్దరూ నాణేలు వదిలేసి ఇటు తిరిగారు. ముసలాయన అద్దం వైపు చూశాడు. గద్దించినట్టు కాదు, బస్సు ఎక్కబోయేవాడి కోసం మెట్టు దగ్గర ఆగినట్టు చూశాడు.

అద్దం ఆకుపచ్చ గుడ్డకి ఒక మూల పడిన సిరా మరకని చూస్తూ ఉన్నాడు.

అక్క నాణెం కవర్లో వేసుకుని, "పదరా, ఇక్కడొక్క క్షణం ఉండకూడదు" అని తమ్ముడి చేయి పట్టుకుని లాక్కెళ్ళింది. అతను వెళ్ళాడు. తను చేసినదాంట్లో అన్నిటికన్నా నీచం ఏదంటే నాణెం అరగదీయడం కాదు, గుడ్లు కాదు, రెండేళ్ళు దాచడమూ కాదు, ఆ మెట్లు దిగడం అని అతను తర్వాత భార్యతో అన్నాడు.

బస్టాపులో అక్క అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, పక్కనున్న బండి నుంచి రెండు టీలు తెచ్చింది.

"తాగు. ముఖం చూడు ఎలా అయిపోయిందో. నలుగురిలో నిన్ను అంత మాటన్నాడు... నాణెం పోతే పోయిందిరా. మిషన్ లేకపోతే పోయింది. నిన్నంటే నేను ఊరుకుంటానా?"

అతను టీ గ్లాసుని బెంచీ మీద పెట్టేశాడు.

"అక్కా, ఆయన తూకం సరైనదే."

"ఏంటి?"

"నేను మెరుగు పెట్టాను కదా. ఆ తరుగు అది. వందేళ్ళ పొర తీసేశాను. అది తీస్తే దానికి విలువ లేదట. ఆయన ముందే చెప్పాడు, నేను వినలేదు. నిన్న మళ్ళీ నల్లబరచాలని గుడ్లు పెట్టాను."

ఒక బస్సు వచ్చి ఆగి, వెళ్ళిపోయింది. అది వాళ్ళెక్కవలసిన బస్సే.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"రెండేళ్ళయింది."

"రెండేళ్ళు. నేను వచ్చి తుడుచుకుంటూ కూర్చుంటే, ఎదురుగా కూర్చుని చూశావు."

"చూశాను."

"టీచరమ్మకి చూపించాను. కాలర్లావిడకి చూపించాను. వాళ్ళాయనని పిలిచి మరీ చూపించాను." ఆమె గొంతు పెరగలేదు. "ఇందాక అక్కడ? నేను ఆయన్ని దొంగ అంటుంటే?"

ఆమె అతని గ్లాసు కూడా తీసుకెళ్ళి బండివాడికి ఇచ్చేసి వచ్చింది.

"లే."

"ఎక్కడికి?"

"నేనొక పెద్దమనిషిని నలుగురిలో దొంగ అన్నాను. నీ మీద ఉన్న నమ్మకంతో అన్నాను. ఆ నలుగురూ వెళ్ళిపోకముందే వెళ్ళాలి. నువ్వు ముందు నడువు."

కిటికీ దగ్గరున్న ఇద్దరూ ఇంకా ఉన్నారు. అద్దం గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. మొదట వినపడలేదు. "గట్టిగా చెప్పు" అంది అక్క వెనక నుంచి. మళ్ళీ చెప్పాడు. చక్రం, ఎర్ర ముద్ద, గుడ్లు, అన్నీ. గుడ్ల దగ్గర కిటికీ దగ్గరున్న ఇద్దరిలో ఒకడు నవ్వాపుకోలేక దగ్గాడు. అక్క ముసలాయనకి చేతులు జోడించి, "తప్పయిపోయిందండీ, నోరు జారాను" అంది.

"గుడ్ల వాసన నాకు ముందే తెలిసిందమ్మా" అన్నాడు ముసలాయన. సొరుగులోంచి రేకు డబ్బా ఒకటి తీసి మూత తెరిచాడు. లోపల గుప్పెడు నాణేలు, అన్నీ తళతళలాడుతున్నాయి. "ఇవన్నీ శుభ్రత ఎక్కువైనవాళ్ళు తెచ్చినవి. నువ్వొక్కడివే కాదు." మళ్ళీ అద్దం నాణెం చేతిలోకి తీసుకుని, మసి లేని చోట వేలు పెట్టాడు. "పని మాత్రం గట్టి పని. ఒక్క గీత లేదు. అరకొర పనివాడయితే ఎక్కడో ఓ మూల కాస్త మిగిల్చేవాడు. నువ్వు ఏమీ మిగల్చలేదు."

ఇరవై తొమ్మిదేళ్ళలో అద్దం పనిని చాలామంది పొగిడారు. ఆ రోజు మాత్రం చెవుల దాకా రక్తం పాకింది.

ముసలాయన వెండి ధర చెప్పాడు. అది మిషన్‌లో సూదికి సరిపోతుందేమో. అక్క వద్దంది. నాణేన్ని కవర్లో పెట్టలేదు. తన పర్సులో చిల్లరతో కలిపి వేసుకుంది. ఖాళీ కవరు తమ్ముడి చేతికిచ్చింది. "ఇది నీ దగ్గర ఉంచుకో. అంకె ఉంది కదా."

మిషన్‌ని శుక్రవారం కాలర్లావిడ కొనుక్కుంది.

తర్వాతి నెల మొదటి ఆదివారం అక్క రాలేదు. అద్దం భార్య మూడు పళ్ళేలు పెట్టి, ఒకటి తీసేసింది. కవరు బీరువాలో అదే చోట ఉంది.

ఆ పై నెల వచ్చింది. ఆ వారం నల్ల కోట్ల వారం. పని పూర్తికాక ఒక కోటు సంచిలో తెచ్చుకుంది. భోజనమయ్యాక కిటికీ దగ్గర కూర్చుని కళ్ళు చికిలించి కాజా తీస్తోంది. నాణెం మాట ఎవరూ ఎత్తలేదు. అద్దం ఎదురుగా కూర్చున్నాడు. బల్ల మీద ఆమె కత్తెర ఉంది. పాతది, వేళ్ళు దూరే చోట తప్ప అంతా నల్లబడింది. అనుకోకుండా అతని చేయి దాని మీదికి వెళ్ళింది. బొటనవేలు ఆ నలుపుని ఒకసారి రుద్దింది.

అక్క సూది ఆపింది. తల ఎత్తలేదు.

"అక్కడ పెట్టు."

అతను కత్తెరని ఎక్కడ నుంచి తీశాడో అక్కడే పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.